రోడ్డు ఖాళీగానే ఉంది

ఫిబ్రవరి 6

ఆ చెప్పుల షాపాయన్ని నమ్మినందుకు ఆ చెప్పులతోనే నన్ను నేను కొట్టుకోవాలి. "దూదిలా ఉంటాయి మేస్త్రీ, వేసుకున్నట్టే ఉండదు" అని అంటగట్టాడు. ఇవాళ బేకరీకి పెద్ద అద్దం షీటు తమ్ముడూ నేనూ మోస్తుంటే సగం దారిలో కుడికాలి పిక్క పట్టేసింది. అలా ఇలా కాదు, తడిబట్ట పిండినట్టు పిండేసింది. ఆగు అన్నాను. దించు అన్నాను. దించాం. నిలబడ్డాను. కాసేపటికి నొప్పి ఏమీ ఎరగనట్టు మాయమైపోయింది.

తమ్ముడు అద్దం పక్కనించి తొంగి చూశాడు. "ఏమైంది అన్నయ్యా? రోడ్డు ఖాళీగానే ఉంది కదా."

"ఏం లేదు. పద" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. మాడదా మరి! నాన్న నాకు నేర్పి, నేను వాడికి నేర్పిన పద్ధతి అది. షీటు చేతుల్లో ఉండగా నోట్లోంచి రావలసినవి మూడే మాటలు. ఆగు, దించు, పద. నాలుగో మాట వచ్చిందో, ఆ రోజు ఇంటికెళ్ళాక వీపు విమానం మోత మోగేది. ముందున్నవాడు రోడ్డు చూడాలి, వెనకున్నవాడు అద్దం చూడాలి. ఆగు అన్నవాడే మళ్ళీ పద అనాలి, అంతవరకూ రెండోవాడు చచ్చినా కదలకూడదు. బండి అడ్డొచ్చినా, మనిషి అడ్డొచ్చినా ముందువాడు ఆగు అంటాడు. ఏదీ అడ్డు లేకుండా అన్నాడంటే దానికి అర్థం ఒకటే. వెనకవాడి పట్టు సడలింది, అద్దం బరువులో తేడా కొట్టింది అని. మా పనిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ తిట్టు తిట్టలేదు నేను. నాన్న పోయేనాటికి వాడు నా నడుం ఎత్తు కూడా లేడు. పట్టు నేర్పింది నేనే. నాకంటే వాడి పట్టే మంచిది. నెత్తికెక్కుతాడని ఆ మాట వాడితో ఎప్పుడూ అన్లేదు.

రేపట్నించి పాత చెప్పులే.

ఫిబ్రవరి 7

పాత చెప్పులేసుకున్నాను. మోత లేదు, రోజంతా షాపులో కూర్చుని కోతలే. కాలు బ్రహ్మాండంగా ఉంది. చూశావా, చెప్పుల వల్లే.

ఫిబ్రవరి 16

మా ఆవిడని పోలీసు డిపార్టుమెంటులో చేర్పించాల్సింది. దొంగల్ని దేవుడు కరుణించి నాకిచ్చి చేశాడు.

ఇద్దరం నడుచుకుంటూ కూరల బజారుకి వెళ్ళాం. దారిలో అడిగింది, "ఏమండీ, ఏమిటీ షాపుకో మజిలీ?"

"అద్దం చూస్తున్నానే. ఆ మూల లప్పం ఎలా పూశారో చూడు. సన్నాసులు."

"చూశార్లెండి. ఆ అద్దం వెనకాల ఏం అమ్ముతున్నారో చెప్పండి చూద్దాం."

అప్పుడు చూశాను. ఆడవాళ్ళ లోబట్టలు. తల కొట్టేసినట్టయింది. లోపలున్న అమ్మాయి నన్నే చూస్తోంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బజారుదాకా నవ్వుతూనే ఉంది. బజారు చేరాక మాత్రం నవ్వలేదు. "కాలా?" అంది. "కాలూ లేదు, చెయ్యీ లేదు, వంకాయలు తీసుకో" అన్నాను.

ఈ వృత్తిలో పుట్టినందుకు ఇదొక్కటి కలిసొచ్చింది. అద్దాలవాడు అద్దం ముందు ఆగితే ఎవరు అనుమానిస్తారు? పిక్క పట్టేయగానే ఏదో ఒక షాపు ముందు నిలబడి మూలలు చూస్తున్నట్టు తల అటూ ఇటూ వంచుతాను. కాలు వదిలాక కదులుతాను. చేతిలో షీటు ఉన్నప్పుడే చిక్కు.

వయసులే. సిగరెట్లు తగ్గించాలి. రేపట్నించి.

ఫిబ్రవరి 24

పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రికి మోశాం. రెండుసార్లు ఆగు అన్నాను. రెండుసార్లూ రోడ్డు ఖాళీ.

మొదటిసారి తమ్ముడు నోరెత్తలేదు. రెండోసారి దించాక "సారీ అన్నయ్యా" అన్నాడు. సారీ ఎందుకురా వెధవా అనాలి కదా నేను! పద అన్నాను.

సాయంత్రం కొత్త తోలు చేతొడుగులు కొనుక్కొచ్చాడు. పాతవి బానే ఉన్నాయి. షాపు వెనకాల పాత షీటొకటి ఎత్తి పట్టుకుని, గోడకేసి చూస్తూ, మోచేతులు సర్దుకుంటూ అలా నిలబడ్డాడు. కిటికీలోంచి చూసి పక్కకి తప్పుకున్నాను.

కాలురా అని ఒక్క మాట చెప్పెయ్యొచ్చు. చెప్తే ఏమంటాడో తెలుసు. "నువ్వు కూర్చో అన్నయ్యా, నేను ఇంకో మనిషిని చూసుకుంటాను" అంటాడు. ప్రేమగానే అంటాడు. ఆ ప్రేమే నాకొద్దు. కూర్చుని ఏం చెయ్యను, గోళ్ళు గిల్లుకుంటూ?

తర్వాత మరదలు చంటిదాన్ని తీసుకొచ్చింది. ఇంకా బోర్లా పడటం కూడా రాలేదు గానీ, ఏడుపు మొదలెడితే ఇల్లు పీకి పందిరేస్తుంది. తమ్ముడు కూతుర్ని ఎత్తుకోవడం చూస్తే నాకు నవ్వాగదు. అచ్చం షీటు పట్టినట్టే పడతాడు. కింద ఒక అరచెయ్యి, వీపుకి ఒక అరచెయ్యి, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి.

"ఒరే, అది పగలదురా" అన్నాను.

"ఏమో అన్నయ్యా, మళ్ళీ కోసిమ్మంటే ఎవరిస్తారు" అన్నాడు.

వాడి చేతుల్లోకి వెళ్ళగానే అది ఏడుపు మానేసింది. వాళ్ళ నాన్న మొహంలోకి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూ అలాగే నిద్రపోయింది.

మార్చి 4

పగిలింది. తమ్ముడి చెయ్యి తెగింది. ఇవాళ రాయలేను.

మార్చి 5

చెప్పుల షాపు అద్దం. సందు మలుపులో. తమ్ముడి పట్టు జారింది. ముక్క తోలు చేతొడుగులోంచి దిగిపోయింది. కుడి అరచెయ్యి. కుట్లు వేశారు. వేళ్ళని ఆడించే నరం ఒకటి దెబ్బతిందట.

కొత్త చేతొడుగులు ఇంకా చేతికి అలవాటు కాలేదు. పాతవే వేసుకోమని చెప్దామనుకున్నాను కూడా.

మార్చి 6

చేతొడుగుల వల్లే.

మార్చి 9

వాడి పట్టు జారింది. నేను చూశాను.

ముందు నడిచేవాడికి వెనక జరిగేది ఎలా కనపడిందీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

ఎవరూ అడగలేదు.

మార్చి 21

కుట్లు విప్పారు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ముడుచుకోవడం లేదు, కర్రల్లా నిలబడి ఉన్నాయి. కసరత్తు చేస్తే కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. తమ్ముడు ఆ చెయ్యి ఎత్తి చూపించి, "చూడు అన్నయ్యా, ఎప్పుడూ ఎవరికో టాటా చెప్తున్నట్టే ఉంటుంది" అన్నాడు. మరదలు నవ్వలేదు. నేను నవ్వాను. నవ్వి బయటికొచ్చి సిగరెట్టు వెలిగించాను.

వాడూ వెనకాలే వచ్చాడు. "నువ్వు చెప్తూనే ఉన్నావు. నెల రోజులనించీ ఆగు, ఆగు అంటూనే ఉన్నావు. నా పట్టు పోతోందని నాకే తెలీలేదు. నువ్వు కనిపెట్టావు" అన్నాడు.

నాకు పొగ గొంతుకి అడ్డం పడింది. దగ్గుతూ ఉండిపోయాను. వాడు ఎడం చేత్తో నా వీపు నిమిరాడు.

ఏప్రిల్ 6

తమ్ముడు షాపుకి వస్తున్నాడు. ఫ్రేములకి మేకులు కొడతాడు, ఎడం చేత్తో లప్పం పూస్తాడు. షీటు జోలికి మాత్రం రాడు. మోతకి రోజు కూలికి ఒకణ్ణి పెట్టుకున్నాను. నన్ను ముందు పెట్టుకుని నడవడం వాడికి మహా విసుగు. "మీరిన్నిసార్లు ఆగుతారేంటండీ" అని మొహమ్మీదే అడిగేశాడు. వాడికి పద్ధతి తెలీదు కదా, తిట్టనుకోడు. "నీకు తొందరైతే నువ్వే మొయ్యి" అన్నాను.

మరదలు చంటిదాన్ని తీసుకొచ్చింది. బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టింది. అది ఏడుస్తుంటే తమ్ముడు పక్కన నిలబడి చిటికెలు వేశాడు, చేతులు మాత్రం చాపలేదు. "ఎత్తుకోరా" అన్నాను. "చేతులు మురిగ్గా ఉన్నాయి అన్నయ్యా" అన్నాడు. కడుక్కుని వచ్చాక కూడా ఎత్తుకోలేదు.

"చెయ్యి నొప్పంటున్నారు బావగారూ" అంది మరదలు. అంటే నొప్పే అయ్యుంటుంది.

ఏప్రిల్ 14

మా ఆవిడ గెలిచింది. నా కుడిపాదం పట్టుకుని చూసి, "రెండో పాదం వెచ్చగా ఉంది, ఇది మంచుముద్దలా ఉందేమిటండీ" అని మొదలెట్టి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఇవాళ ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పిక్క నొక్కుతుందనుకున్నాను, నొక్కలేదు. పాదం మీద, చీలమండ వెనక వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుని వెతికింది, చీకట్లో తాళంచెవి వెతుక్కున్నట్టు. దొరకలేదు. తర్వాత బీపీ పట్టీ చేతికి కట్టి చూసింది, చీలమండకి కట్టి చూసింది. కాలి బీపీ చేతి బీపీలో సగమే ఉందట. స్కాను కూడా తీశారు.

కాలికి రక్తం తీసుకెళ్ళే నాళం లోపల కొవ్వు పేరుకుని సన్నబడిపోయిందట. కూర్చున్నప్పుడు వచ్చే కాస్తా సరిపోతుందట. నడిస్తే కండ ఇంకా ఇంకా కావాలంటుంది, అందదు, అందుకే నొప్పి. ఆగితే అడగడం మానేస్తుంది, నొప్పీ పోతుంది. చెప్పుల తప్పేమీ లేదు.

"సిగరెట్లు కాలుస్తారా?"

"మా ఇంట్లో పొయ్యి ఆరుతుందేమో గానీ ఈయన నోట్లో పొగ ఆరదు డాక్టరమ్మా" అంది మా ఆవిడ.

ఇవాళే మానెయ్యాలంది. మానకపోతే పాదానికి పుండు పడి, కాలు తీసేసేదాకా రావచ్చంది. గుండె నాళాలకీ ఇదే గతి పట్టొచ్చంది. మాత్రలు రాసింది. అన్నిటికంటే పెద్ద మందు నడకేనట. నొప్పి బాగా వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి, రోజూ. ఇన్నాళ్ళూ చేస్తున్నది అదే కదమ్మా, ముందో అద్దం ఉండేది అంతే, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అప్పుడడిగింది. "ఎప్పట్నించి ఇలా? పనిలో ఉండగా ఉన్నట్టుండి కాలు ఆగిపోవడం, అలాంటిదేమైనా జరిగిందా?"

"ఈమధ్యే. అలాంటిదేం లేదు" అన్నాను.

మా ఆవిడ నాకేసి తిరిగి చూసింది.

ఏప్రిల్ 15

లేదని చెప్పాను.

ఏప్రిల్ 27

సిగరెట్లు మానేశాను. ఇంట్లో. 

రోజూ సాయంత్రం నడక. ఒంటరిగా పంపితే ఏదో బల్ల మీద కూలబడతానని మా ఆవిడకి అనుమానం. తమ్ముణ్ణి తోడిచ్చింది. "కాలికి జబ్బు చేసింది, ఈమధ్యే మొదలైందట, వెంట ఉండు" అని చెప్పిందట. వాడు అన్నం మధ్యలో లేచి వచ్చాడు.

ఇద్దరం పక్కపక్కన నడవొచ్చు కదా. నడవం. నేను ముందు, వాడు నాలుగడుగులు వెనక. చేతులు ఖాళీగానే ఉన్నా అంతే. అలవాటు. ఇవాళ పోస్టాఫీసు దాటాక పిక్క పట్టేసింది. ఏమీ చెప్పకుండా ఆగాను. వాడు వచ్చి నా వీపుకి తగిలాడు.

"ఆగు అను అన్నయ్యా" అన్నాడు. "చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

తిరిగి చూశాను. వాడు మామూలుగానే అన్నాడు. మొహంలో ఏమీ లేదు. నా భుజం పట్టుకుని, "నొప్పి తగ్గిందా? నిదానంగా, తొందరేం లేదు" అంటున్నాడు.

మే 9

అక్షరాలు పాకుతున్నాయి. అయినా రాస్తాను.

చంటిది ఇప్పుడు దొర్లుతుంది. మధ్యాహ్నం షాపులో, కోత బల్ల మీద దుప్పటి వేసి పడుకోబెట్టి, మరదలు నీళ్ళకోసం లోపలికెళ్ళింది. నేను అటు చివర అద్దం కోసే డైమండుతో గీత గీస్తున్నాను. తమ్ముడు పిల్ల పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాడు. అది ఒక దొర్లు దొర్లింది, ఇంకోటి దొర్లింది, బల్ల అంచుకొచ్చేసింది. వాడు చెయ్యి చాపలేదు. రెండు చేతులూ చంకల్లో దాచేసుకుని, బల్ల అంచు కింద, నేలమీద అడ్డంగా పడుకుండిపోయాడు. పడుకుని, "ఎవరైనా పట్టుకోండి! ఎవరైనా రండి!" అని అరిచాడు.

అది వాడి పొట్టమీద పడింది. దెబ్బేం తగల్లేదు. బిత్తరపోయి ఏడ్చింది. అప్పుడు కూడా వాడు చేతులు బయటికి తియ్యలేదు.

మరదలు పరిగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. "చేతులు లేవా మీకు? సొంత బిడ్డ పడిపోతుంటే పట్టుకోరా?" అని అరిచేసింది.

వాడు నేలమీంచి లేవకుండానే చెప్పాడు. "నా చేతుల్ని నమ్మడానికి లేదే. నాకు తెలీకుండానే వదిలేస్తాయి. కావాలంటే అన్నయ్యనడుగు."

మరదలు నాకేసి చూసింది. నేను అద్దం మీద గీసిన గీత చూస్తూ ఉండిపోయాను. వంకరపోయింది.

మే 10

సరే. ఇది చదివేది నేనొక్కణ్ణే. నాకు నేనే అబద్ధం చెప్పుకుని ఏం బావుకుంటాను?

మార్చి నాలుగున మా షాపునించి బయల్దేరిన కాసేపటికే, బడి గోడ దగ్గర ఒకసారి ఆగు అన్నాను. రోడ్డు ఖాళీ. "గట్టిగానే పట్టుకున్నాను అన్నయ్యా" అన్నాడు వెనకనించి. గొంతు అదోలా ఉంది. ఇంక ఇవాళ వాణ్ణి మళ్ళీ ఆగు అనకూడదు అనుకున్నాను. జాలిపడి అనుకున్నానని రాయబోయాను. జాలి కాదు. మూడోసారో నాలుగోసారో వాడు "నీకేమైంది అన్నయ్యా" అని అడుగుతాడని భయం.

మలుపు రాకముందే పిక్క మొదలెట్టింది. చెప్పుల షాపాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇంకాస్తే, ఇంకాస్తే అని పళ్ళబిగువున లాగాను. మలుపులో కాలు నా మాట వినలేదు. ఉన్నచోట నిలబడిపోయాను. ఆగు అన్లేదు. నోరుంది, ఊపిరుంది, అన్లేదు. వెనక వాడు నడుస్తూనే ఉన్నాడు. వాడికెలా తెలుస్తుంది? అద్దం మధ్యలో ఒక్కసారి వంగింది. అంతే.

వాడు వదల్లేదు. వదిలేసుంటే కాళ్ళ దగ్గర పడి ముక్కలయ్యేది, చేతికేమీ అయ్యేది కాదు. ఆఖరి ముక్కదాకా పట్టుకున్నాడు గనకే తెగింది.

వెనక్కి తిరిగాను. చేతొడుగులోంచి రక్తం కారుతోంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అయ్యో కాదు. ఒరే తమ్ముడూ కాదు. "పట్టు జారిందేంట్రా?" అన్నాను. చెప్పుల షాపాయన విన్నాడు, ఆయన పనివాళ్ళు విన్నారు.

వాడు తన చేతులకేసి చూసుకున్నాడు. "అవునేమో అన్నయ్యా" అన్నాడు.

నా చేత్తో పెంచిన పిల్లాడు.

మే 11

ఇవాళ చెప్తాను.

మే 12

చంటిదానికి జలుబు చేసింది. ఇలాంటప్పుడెందుకు.

మే 13

రేపు.

మే 16

చెప్తే మాత్రం ఏమవుతుంది? వేళ్ళు ముడుచుకుంటాయా?

మే 18

తమ్ముడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. అయినా మధ్యమధ్యలో బల్ల మీద పెట్టి చేతులకేసి చూసుకుంటున్నాడు.

మే 24

చెప్పాను.

నడకకి బయల్దేరాం. నేను ముందు, వాడు వెనక. కావాలనే ఆ సందు పట్టుకున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి పిక్క పట్టేసింది. "ఆగు" అన్నాను. ఆగాడు. చెప్పుల షాపుకి ఎవరో కొత్త అద్దం బిగించారు, దాని ముందు మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఆ రోజు కూడా ఇక్కడే పట్టేసిందిరా" అన్నాను.

"ఏ రోజు?"

"నీ చెయ్యి తెగిన రోజు."

వాడికి వెంటనే అందలేదు. "జబ్బు ఈమధ్యే వచ్చిందని వదిన చెప్పింది కదా" అన్నాడు.

"ఫిబ్రవరినించీ ఉంది. రోడ్డు ఖాళీగా ఉన్నా నేను ఆగు అన్న ప్రతిసారీ కాలే. ఆ రోజు కాలు ఆగిపోయింది, నేను ఆగు అన్లేదు. అందుకే పగిలింది."

షాపులోంచి ఎవరో చెప్పులు కొనుక్కుని మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళారు. తమ్ముడు కాళ్ళు పక్కకి జరిపాడు.

"అయితే నేను వదల్లేదా?"

"వదల్లేదురా. నీ పట్టు ఇనప పట్టు. నీలాంటి పట్టు నాన్నకి కూడా లేదు." ఇన్నేళ్ళకి చెప్పాను ఆ మాట. ఎక్కడ చెప్పానో చూడు.

"నాకూ చేతుల్లో జారినట్టేం అనిపించలేదు అన్నయ్యా. ఎంత గుర్తు చేసుకున్నా అనిపించలేదు. కానీ నువ్వన్నావు. నువ్వన్నావంటే అంతే కదా అనుకున్నాను." ఆగి మళ్ళీ అడిగాడు, "మరి ఎందుకలా అడిగావు, పట్టు జారిందా అని?"

ఏదో అన్నాను, భయమేసిందనో, షాపాయన చూస్తున్నాడనో. విన్నాడో లేదో తెలీదు.

"ఆ రోజునించీ నా కూతుర్ని ఎత్తుకోలేదు" అన్నాడు.

"తెలుసురా."

నోరు జారిన తర్వాత గానీ అదెంత మాటో నాకు తెలిసిరాలేదు. వాడు మెల్లిగా తల తిప్పి నన్ను చూశాడు. నాన్న శవం దగ్గర కూడా వాడి కళ్ళు అలా చూడలేదు.

"తెలుసా?" అన్నాడు. "తెలిసీ?"

లేచాడు. ఇంటి దారి పట్టాడు. నేను లేచి వెంటపడబోయాను, వాడు సందు దాటేశాడు.

మే 25

రాలేదు.

మే 26

రాలేదు. వాడి చేతొడుగులు కొక్కేనికే ఉన్నాయి.

మే 30

మా ఆవిడకి చెప్పాను, మొత్తం. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. కంచం నా ముందు పెట్టి, గది తలుపు దగ్గరికి వేసుకుంది. ఇన్నేళ్ళ కాపరంలో నాకు తిట్లు లేని భోజనం ఇదే మొదటిసారి.

జూన్ 8

మరదలొచ్చింది. తమ్ముడు కలప అడితిలో పనికి కుదిరాడట, లెక్క చూసే పని. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఎత్తుకుంటున్నారు బావగారూ" అంది. "పొద్దున్న లేస్తూనే ఎత్తుకుంటారు. నిద్రపోయాక కూడా దించరు. దించండి, చేతులు లాగుతాయి అంటే వినరు."

"నన్నేమైనా..."

"మీ పేరెత్తితే లేచి బయటికెళ్ళిపోతారు."

ఆ మనిషి వెళ్ళాక షాపు వెనకాలకెళ్ళి, వాడు షీటు పట్టుకుని నిలబడ్డ గోడ దగ్గర నిలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కూలివాడు వచ్చి చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కెళ్ళిపోయాడు.

జూన్ 15

సిగరెట్లు నిజంగానే మానేశాను. ఇంటా బయటా. డాక్టరమ్మ మెచ్చుకుంది. రోజూ ఒక్కణ్ణే నడుస్తున్నాను. పిక్క ఇదివరకటికంటే ఇంకొంచెం దూరం పోనిస్తోంది. ఇప్పుడు ఇంటినించి ఆగకుండా పోస్టాఫీసు దాటి బడిదాకా వెళ్ళగలుగుతున్నాను.

బాగుపడుతోంది. దీనికి సిగ్గు లేదు.

జూన్ 29

నడకకి వెళ్ళాను. బడి గోడ దగ్గర నా ముందు నడుస్తూ తమ్ముడు కనపడ్డాడు. నన్ను చూడలేదు. భుజాన చంటిది. వెనకనించి చూసినా తెలుస్తోంది, షీటు పట్టినట్టే పట్టుకున్నాడు. మోచేతులు ఒంటికి ఆనించి, కింద ఒక అరచెయ్యి, వీపుకి ఒక అరచెయ్యి. చంటిదాని వీపు మీద ఆ రెండు వేళ్ళూ వాడి భుజం పక్కనించి కర్రల్లా పొడుచుకొచ్చి కనపడుతున్నాయి.

ఇంత దగ్గరగా వాణ్ణి చూసి నెల దాటింది. వెంటపడ్డాను. వాడు ముందు, నేను వెనక. ఎప్పుడూ అలా నడిచింది లేదు. దగ్గరికెళ్ళి ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు, ముందు అందుకుంటే చాలనుకున్నాను. వాడిది కుర్ర నడక. నేను అడుగు పెంచాను, ఇంకా పెంచాను. పిక్క పట్టేసింది. వాడు దూరమైపోతున్నాడు.

"ఆగు" అన్నాను.

పిలుద్దామని కాదు. పేరు పెట్టి పిలిస్తే ఆగడని తెలుసు. నోట్లోంచి అదే వచ్చింది, షీటు చేతుల్లో ఉన్నప్పటి గొంతుతో.

వాడి కాళ్ళు ఆగిపోయాయి. ఒక్క అడుగు కూడా పడలేదు. రోడ్డు ఖాళీగానే ఉంది. వెనక్కి తిరగలేదు, తల కూడా తిప్పలేదు, పిల్లని కదలకుండా పట్టుకుని నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆగు అన్నవాడు పద అనేదాకా కదలకూడదు. నేనే నేర్పాను.

చంటిది వాళ్ళ నాన్న భుజం మీంచి నన్ను చూసింది. గుర్తుపట్టిందో ఏమో, చెయ్యి ఆడించింది. నా కాలు కాసేపటికే సర్దుకుంది. నడవొచ్చు. నాలుగు అంగలేస్తే వాడి పక్కన ఉంటాను. వాడి వీపు చూశాను. బిగుసుకుపోయి ఉంది. ఏడుస్తున్నాడేమో తెలీదు, భుజం కొంచెం కదిలింది. నేను దగ్గరికెళ్ళినా కదలడు, ఏమన్నా వింటాడు, ఎందుకంటే నేను ఆగు అన్నాను. అలా నిలబెట్టి మాట్లాడించుకోవడం ఇంకోసారి వాడి చెయ్యి కొయ్యడమే అనిపించింది.

కాలు నొప్పి లేకపోయినా ఇంకాసేపు ఉన్నచోటే నిలబడి, ఇద్దర్నీ చూసుకున్నాను.

తర్వాత "పద" అన్నాను.

వెళ్ళిపోయాడు.